అర మార్కు, పాయింట్ ఒకటి గాలి

అందరికీ నమస్కారం. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ నడిచొచ్చాను. సగం బోర్డుల మీద 'నువ్వు సాధించగలవు' అనే ఉంది. ఫీజెంతో మాత్రం లోపలికెళ్తే గానీ చెప్పరు.

ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వింటే నాకు మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ గుర్తొస్తుంది. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. ఆమెది 100 మీటర్ల హర్డిల్స్, అంటే అడ్డంగా పెట్టిన చట్రాల మీంచి దూకుతూ పరిగెత్తే పందెం. దారిలో పది హర్డిల్స్, ఒక్కోటి దాదాపు 84 సెంటీమీటర్లు. మనింట్లో డైనింగ్ టేబుల్ కంటే ఎత్తు.

2020లో ఒకసారి జాతీయ రికార్డు కంటే వేగంగా పరిగెత్తింది. అక్కడ డోప్ టెస్టు, అంటే నిషేధించిన మందులు వాడలేదని చూసే పరీక్ష, జరగలేదని లెక్కలో వేసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 సెకన్లు. పాత రికార్డు 13.38, అదీ 2002 నాటిది. ఇక తిరుగులేదనుకుంటే, వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లని తేలింది. రూలు ప్రకారం 2.0 దాటకూడదు. మళ్లీ లెక్కలోకి రాలేదు. పాయింట్ ఒకటి! మన బీచ్ రోడ్డులో ఆ గాలికి చున్నీ అంచు కూడా సరిగా ఎగరదు.

మేలో సైప్రస్‌లో పరిగెత్తింది. 13.23. గమనించారా, ఏప్రిల్ పరుగు కంటే ఇది నెమ్మది. అప్పుడు రికార్డుగా లెక్కలోకి వచ్చింది మాత్రం ఇదే. ఆ మధ్యలో మళ్లీ అవే పది హర్డిల్స్.

ఆమె స్థానంలో నేనుంటే గాలిని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. ఊరికే అనడం లేదు, కూర్చున్నాను కూడా. మాది గాజువాక. బ్యాంకు పరీక్షలకు చదివే రోజుల్లో రెండోసారి అర మార్కులో కటాఫ్ తప్పింది. ఆరు నెలలు పుస్తకం ముట్టలేదు. పేపర్ కష్టంగా ఇచ్చారని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

మా తమ్ముడు అప్పటికే ఇంటర్ మానేసి అద్దె ఆటో నడుపుతున్నాడు. ఒక రాత్రి నేను అన్నం తింటుంటే, పక్కనే కూర్చుని ఆ రోజు వచ్చిన డబ్బులు లెక్కపెట్టి రెండు కుప్పలు పెట్టాడు. ఒకటి ఓనరుకి. రెండోది నా టెస్ట్ సిరీస్‌కి, అంటే ప్రాక్టీసు పరీక్షల ఫీజుకి. మూడో కుప్ప లేదు. వాడేమీ అనలేదు. నాకే ముద్ద దిగలేదు. తెల్లారి అయిదున్నరకి లేపి పబ్లిక్ లైబ్రరీ దగ్గర దింపి పోయాడు. తలుపులు తీసేదాకా మెట్ల మీదే చదివాను.

ఆ రోజు నుంచి, తప్పు చేసిన ప్రతి లెక్కనీ ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే సంగతి బయటపడింది. పేపర్ కష్టమేం కాదు, నాకు శాతాలు రావు!

ఉద్యోగం వచ్చాక మా వీధివాళ్లు శాలువా కప్పారు. తమ్ముడు బేరం పోతుందని బయట ఆటోలోనే ఉండిపోయాడు. సక్సెస్‌కి వెల కట్టాలని అందరూ అంటారు. మా ఇంట్లో కట్టింది వాడు, శాలువా కప్పించుకున్నది నేను. తర్వాత ఎప్పుడో 'మళ్లీ చదువుకోరా' అన్నాను. అప్పటికి వాడికి పెళ్లయింది, పాప పుట్టింది.

నీ సంగతి సభలో చెప్పొచ్చా అని నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను. 'చెప్పుకో అన్నయ్యా, ఆటో నంబర్ మాత్రం చెప్పకు, చలాన్లున్నాయి' అన్నాడు.