ఇంటిల్లిపాదికీ ఒకే హార్డ్ డిస్క్

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో రెండు కంప్యూటర్లు, నాలుగు ఫోన్లు, ఒక టీవీ ఉన్నాయంటే ఫొటోలూ వీడియోలూ తలో దిక్కున పడి ఉంటాయి. వాటన్నిటికీ ఒక చోటు చూపిద్దామని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొంటాం. అదేమో ఈ కంప్యూటర్ నుంచి పీకి ఆ కంప్యూటర్‌కు, అక్కణ్ణుంచి టీవీకి, రోజంతా చేతులు మారుతూనే ఉంటుంది. అలా తిప్పే పని లేకుండా దాన్ని ఒకచోట కూర్చోబెట్టి, ఇంటి వైఫైలో ఉన్న అందరికీ అందేలా చేయడం ఎలాగో ఇవాళ చెప్పుకుందాం. కొన్ని అంకెలు వస్తాయి, కాగితం కలం దగ్గర పెట్టుకోండి.

మొదట ఒక సంగతి. హార్డ్ డిస్క్‌కు నెట్‌వర్క్‌తో మాట్లాడటం రాదు. దానికి తెలిసింది యూఎస్‌బీ తీగ ఒక్కటే. ఆ తీగ రెండో కొసను ఏ యంత్రానికి గుచ్చితే ఆ యంత్రమే డిస్క్‌కు కాపలాదారు. మీ ఫోనైనా ల్యాప్‌టాపైనా డిస్క్‌ను నేరుగా ముట్టుకోదు. కాపలాదారును అడుగుతుంది, అతను తీసి ఇస్తాడు. ఈ ఏర్పాటులో వచ్చే చిక్కులు చాలావరకు ఈ మాట మరచిపోవడం వల్లే వస్తాయి.

కాపలాదారుగా ఎవరిని పెట్టాలి? యూఎస్‌బీ పోర్టు ఉన్న వైఫై రౌటర్ అయితే పని తేలిక, ఎలాగూ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది. విండోస్ కంప్యూటర్ ఉంటే అదీ సరిపోతుంది, కానీ అది నిద్రపోతే డిస్క్ కూడా అందరికీ మాయమవుతుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచిపెట్టే సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవడం మూడో దారి. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. రౌటర్లలోనూ లోపల పనిచేసేది చాలాచోట్ల అదే. ఆ చిన్న కంప్యూటర్లలో నడిచే లినక్స్ ఆదేశాలు అలవాటున్నవారికి ఈ మూడో దారి చాలా నమ్మకమైనది. మిగిలినవారికి రౌటర్ చాలు.

ఇక కరెంటు సంగతి. రెండున్నర అంగుళాల చిన్న డిస్క్ యూఎస్‌బీ తీగలోంచే కరెంటు తీసుకుంటుంది. మూడున్నర అంగుళాల పెద్ద డిస్క్‌కు విడిగా అడాప్టర్ ఉంటుంది. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తాయి. డిస్క్ తిరగడం మొదలయ్యే మొదటి క్షణాల్లో మామూలు కంటే ఎక్కువ కరెంటు కావాలి. అది అందకపోతే డిస్క్ టిక్కుటిక్కుమంటుంది, కనబడి మళ్లీ మాయమవుతుంది. డిస్క్ పాడైందని తొందరపడి అనుకోవద్దు. అదే డిస్క్‌ను మంచి కంప్యూటర్‌కు నేరుగా గుచ్చి చూడండి. అక్కడ నిశ్శబ్దంగా పనిచేస్తే లోపం కరెంటుదే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే తీరిపోతుంది. అక్కడ కూడా టిక్కుమంటే మాత్రం ముందు అందులో ఉన్నవి వేరేచోటికి కాపీ చేసుకోండి, మిగతా పని తర్వాత.

డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫార్మాట్ అంటారు. దాని దగ్గర చాలామంది అనవసరంగా భయపడతారు. ‘మా ఇంట్లో మ్యాక్ ఉంది, విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో మ్యాక్ రాయలేదు కదా’ అంటారు. డిస్క్‌ను మ్యాక్‌కు నేరుగా గుచ్చినప్పుడు ఆ మాట నిజమే. నెట్‌వర్క్ మీద అయితే డిస్క్‌లో రాసేది మ్యాక్ కాదు, కాపలాదారు. అతనికి ఆ ఫార్మాట్ వస్తే చాలు, అడిగేవాళ్లకు రానక్కర్లేదు. కాబట్టి రౌటర్ పుస్తకంలో ఏయే ఫార్మాట్లు చదువుతుందో, ముఖ్యంగా వేటిలో రాయగలదో చూసుకోండి. ఫ్యాట్32ని మాత్రం వదిలేయండి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, పెద్ద వీడియో సగంలో ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ హద్దు లేదు కానీ, రాస్తుండగా కరెంటు పోతే నిలదొక్కుకునే ఏర్పాటు అందులో లేదు. అందుకని ఎప్పుడూ ఆన్‌లో ఉండే డిస్క్‌కు విండోస్ లేదా రౌటర్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ అయితే ఈఎక్స్‌టీ4 మేలు. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే ఖాళీ చేసుకోవాలి. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తే కంగారు పడకండి. తయారీదారు వేలల్లో లెక్కిస్తాడు, విండోస్ 1024ల్లో లెక్కిస్తుంది. అంతే తేడా.

మొదటిసారి ఫైళ్లు నింపడం వైఫై మీద చేయకండి. సెకనుకు 10 మెగాబైట్ల చొప్పున 1 టీబీ వెళ్లాలంటే 27 గంటలు దాటుతుంది. డిస్క్‌ను కంప్యూటర్‌కు యూఎస్‌బీ 3 పోర్టులో నేరుగా గుచ్చితే మూడు, నాలుగు గంటల్లో అయిపోవచ్చు. నింపాకే దాన్ని రౌటర్ దగ్గరికి తీసుకెళ్లండి.

రౌటర్‌కు గుచ్చాక బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టండి. తరచు అది 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, రౌటర్ అడుగున చీటీ మీద రాసి ఉంటుంది. లోపల యూఎస్‌బీ, స్టోరేజ్ లేదా ఫైల్ షేరింగ్ అనే పేజీ వెతకండి. అక్కడ చేయవలసిన పనులు రెండు. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా రావచ్చనే సదుపాయం ఉంటే తీసేసి, ఒక పేరూ పాస్‌వర్డూ పెట్టండి. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే పద్ధతిని ఆన్ చేసి, దాని వెర్షన్ 2 లేదా 3 ఉండేలా చూడండి. డిస్క్‌ను ఇంటి బయటినుంచి కూడా చూడవచ్చనే మీటలు ఏవైనా ఉంటే ఆఫ్‌లోనే ఉంచండి.

వెర్షన్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అది పాకింది ఎస్‌ఎంబీ వెర్షన్ 1లోని కన్నం గుండానే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ కొత్తగా వేసే విండోస్‌లో వెర్షన్ 1 పెట్టడం మానేసింది. పాత రౌటర్‌కు ఆ ఒక్క వెర్షనే వస్తే, కొత్త కంప్యూటర్ దానితో మాట్లాడదు. అప్పుడు కంప్యూటర్‌లో వెర్షన్ 1ని తిరిగి తెరవమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. రౌటర్ ఫర్మ్‌వేర్‌ను, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ను, అప్‌డేట్ చేసి చూడండి, కుదరకపోతే కాపలాదారును మార్చండి.

విండోస్ కంప్యూటర్‌నే కాపలాదారుగా పెట్టేవారికి మరికొంత పని ఉంది. ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి డిస్క్‌కు ఒక అక్షరం, ఎస్ అనుకుందాం, ఖాయం చేయండి. లేకపోతే మరో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉన్న రోజు డిస్క్ అక్షరం మారవచ్చు, షేర్ చేసిన ఫోల్డర్ ఎవరికీ దొరకదు. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ అని పెట్టండి. నెట్‌వర్క్ రకం ప్రైవేట్ అని ఉండాలి, పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ లోపలికి రానివ్వదు. తర్వాత డిస్క్ మొత్తం కాకుండా అందులో ఒక ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ వరకు వెళ్లి షేర్ చేయండి.

అనుమతులు రెండు చోట్ల ఉంటాయి. షేరింగ్ దగ్గర ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో మరొకటి. రెండు తలుపులు దాటాలన్నమాట, ఏ తలుపు ఇరుకైతే అంతే దారి. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చినా సెక్యూరిటీలో రీడ్ మాత్రమే ఉంటే ఫైలు తెరుచుకుంటుంది కానీ సేవ్ కాదు.

పాస్‌వర్డ్ దగ్గర మరో చిక్కు. కంప్యూటర్‌ను రోజూ నాలుగంకెల పిన్‌తో తెరుస్తుంటారు, ఇంకో పరికరం పాస్‌వర్డ్ అడిగితే ఆ పిన్నే కొడతారు. అది పనిచేయదు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్ వరకే, నెట్‌వర్క్ మీదికి అకౌంటు అసలు పాస్‌వర్డే కావాలి. అకౌంటుకు పాస్‌వర్డే లేకపోతే విండోస్ బయటినుంచి అసలు రానివ్వదు. షేరింగ్ కోసమే విడిగా ఒక లోకల్ అకౌంటు, దానికొక పాస్‌వర్డు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఒకసారి తప్పు పాస్‌వర్డ్ గుర్తుంచుకోమని చెప్పి ఉంటే విండోస్ అదే మళ్లీ మళ్లీ వాడుతుంది. అడిగే కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆ పాత నమోదును తీసేయాలి.

ఇప్పుడు మిగతా పరికరాల వంతు. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైపట్టీలో రెండు వెనక్కి వాలిన గీతలు, వెంటనే కాపలాదారు చిరునామా కొట్టి ఎంటర్ నొక్కండి. గీతలు ముందుకి వాలితే అది వెబ్ చిరునామా అవుతుంది, జాగ్రత్త. మ్యాక్‌లో ఫైండర్ గో మెనూలో కనెక్ట్ టు సర్వర్ ఎంచుకుని ఎస్‌ఎంబీ, కోలన్, ముందుకి వాలిన రెండు గీతలు, చిరునామా కొట్టాలి. ఐఫోన్‌లో ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే ఈ ఏర్పాటుంది. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ స్టోరేజ్ చూపించే ఫైల్ మేనేజర్ కావాలి. టీవీకి రౌటర్‌లో మీడియా సర్వర్ లేదా డీఎల్‌ఎన్‌ఏ ఆన్ చేస్తే వీడియోలు దానంతటదే చూపిస్తుంది.

నెట్‌వర్క్ జాబితాలో డిస్క్ పేరు కనబడటం లేదని చాలామంది ఆగిపోతారు. కనబడకపోవడం వేరు, అందకపోవడం వేరు. జాబితా చూపించే ఏర్పాటు, ఫైళ్లు ఇచ్చే ఏర్పాటు వేర్వేరుగా నడుస్తాయి. చిరునామాతో వెళ్తే తెరుచుకుంటే మీ షేరింగ్ బాగానే ఉంది. నిన్న తెరుచుకున్న చిరునామా ఇవాళ తెరుచుకోకపోతే కాపలాదారు చిరునామా మారి ఉంటుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట ఆ కంప్యూటర్‌కు ఒకే చిరునామా శాశ్వతంగా కేటాయించండి. రౌటరే కాపలాదారైతే ఈ బాధ లేదు. ఒక్క ఫోనుకు మాత్రమే అందడం లేదంటే అది గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ వైఫై పనే ఇంటి పరికరాలను అతిథులకు కనబడకుండా ఉంచడం. ఇంట్లో రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటే, ఒకదాని కింది పరికరాలకు రెండోదాని కిందివి అందకపోవచ్చు. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే విడి నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతిలోకి, మార్చాలి.

నెమ్మదిగా ఉందంటే ముందు తీగ చూడండి. నెట్‌వర్క్ తీగలో ఎనిమిది పోగులుంటాయి, గిగాబిట్, అంటే సెకనుకు 1000 మెగాబిట్ల, వేగానికి ఎనిమిదీ కావాలి. వాటిలో ఒకటి తెగితే వేగం 100 మెగాబిట్లకు, అంటే సెకనుకు 12 మెగాబైట్లకు పడిపోవచ్చు. చాలాసేపు వాడని డిస్క్ మొదటి ఫైలుకు కొన్ని సెకన్లు తీసుకుంటే అది లోపం కాదు, ఆగిన డిస్క్ మళ్లీ తిరగడం మొదలుపెడుతోంది.

రాస్ప్‌బెర్రీ పై వాడేవారికి రెండు ముక్కలు. డిస్క్‌ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో డిస్క్‌ను దాని యూయూఐడీతో, అంటే దానికే ప్రత్యేకమైన గుర్తింపుతో, రాయండి, నోఫెయిల్ అన్న మాట చేర్చండి. లేకపోతే డిస్క్ ఊడిన రోజు యంత్రం సరిగా లేవదు. డిస్క్ మౌంట్ కాకపోతే, అంటే దానికి కేటాయించిన ఫోల్డర్‌కు జతపడకపోతే, ఫైళ్లు అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే మెమరీ కార్డులోకి వెళ్లి దాన్ని నింపేస్తాయి. మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌లో ఎవరూ రాయలేకుండా అనుమతులు తీసేస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

డిస్క్ తీయవలసి వస్తే రౌటర్ పేజీలో సేఫ్లీ రిమూవ్ నొక్కి, లైటు ఆగాకే తీగ లాగండి. రౌటర్‌కూ డిస్క్‌కూ కలిపి చిన్న యూపీఎస్ పెడితే ఇంకా మంచిది. ఇంట్లో ఏ ఒక్క కంప్యూటర్‌కు వైరస్ పట్టినా, దానికి రాసే అనుమతి ఉన్న ఫోల్డర్లన్నీ వైరస్ చేతికి చిక్కుతాయి. అందుకే కుటుంబ ఫొటోల ఫోల్డర్‌ను అందరికీ చూడటానికి మాత్రమే ఇచ్చి, రాసే అనుమతి ఒక్క అకౌంటుకే ఉంచండి. నెలకొకసారి ఆ ఫొటోలను మరో డిస్క్‌లోకి కాపీ చేసి, అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, ఆ రెండో డిస్క్ తీగ ఊడదీసి బీరువాలో పెట్టండి.