కిటికీ రెక్కలు అదిరిన రాత్రి

శ్రోతలకు నమస్కారం.

నా పదకొండో ఏట మాట ఇది. విశాఖపట్నం వన్‌టౌన్‌లో మేం అద్దెకున్న ఇంటి ముందు గదిలో, గోడబల్ల మీద ఒక వాల్వు రేడియో ఉండేది. పెద్దవాళ్ళకి ఆ రేడియోలు గుర్తుండే ఉంటాయి. స్విచ్ తిప్పగానే పలికేవి కావు. లోపల వాల్వులు వేడెక్కాలి. ముందు డయల్ వెనక బల్బు వెలిగేది, తర్వాత సన్నగా ఒక హోరు, ఆ తర్వాత వీధి చివర నుంచి నడిచి వస్తున్నట్టు మనిషి గొంతు. డాబా మీద రెండు వెదురు గడల మధ్య ఏరియల్ తీగ కట్టి ఉండేది. ఏటేటా నాన్న పోస్టాఫీసుకి వెళ్ళి లైసెన్సు రుసుం కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకుని వచ్చేవాడు. డయల్ అద్దం మీద ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాసి ఉండేవి. ఢిల్లీ, మద్రాసు, కలకత్తా, కొలంబో, లాహోర్, ఢాకా. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది ఆ అద్దం మీదే. అక్కడ ఢిల్లీకీ లాహోరుకీ మధ్య వేలెడు దూరం కూడా లేదు.

ఆ ఏడాది, అంటే 1971లో, రేడియోలో మార్చి నెల నుంచే తూర్పు బెంగాల్ కబుర్లు, అంటే అప్పట్లో పాకిస్తాన్ ఏలుబడిలో ఉన్న ఇప్పటి బంగ్లాదేశ్ కబుర్లు. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం జనం మీద విరుచుకుపడింది. మర్నాడే చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్ ట్రాన్స్‌మిటర్ నుంచి అక్కడి రేడియో ఉద్యోగులు 'స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్ర' పేరుతో ప్రసారాలు మొదలుపెట్టారు. నాలుగు రోజులకే దాని మీద బాంబులు పడ్డాయి. మే 25 నుంచి అదే పేరుతో కలకత్తాలోని బాలీగంజ్‌లో ఒక ఇంట్లోంచి మళ్ళీ పలికింది. అందులో ఎం.ఆర్. అఖ్తర్ ముకుల్ అనే ఆయన ఢాకా వీధుల యాసలో సైన్యాన్ని ఉతికి ఆరేస్తుంటే, అక్కడి ఇళ్ళల్లో తలుపులు బిగించుకుని, సౌండు బాగా తగ్గించి, రేడియోకి చెవి ఆనించి వినేవాళ్ళు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసే వినేవాళ్ళు.

మాకా భయం లేదు. చీకటి పడ్డాక నాన్న ముల్లు కలకత్తా మీదికి జరిపేవాడు. పగలు ఎండకి ఆకాశంలో ఏర్పడే ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. రాత్రి ఆ పొర ఉండదు. తరంగాలు ఇంకా పైనున్న పొరకి తగిలి వందల మైళ్ళ అవతల దిగుతాయి. ఇదంతా పెద్దయ్యాక చదువుకున్నాను. అప్పుడు మాత్రం పొద్దుగూకితే కలకత్తా మా ఊరికి దగ్గరగా వస్తుందనుకునేవాణ్ణి. కలకత్తా ఆకాశవాణిలో బెంగాలీ వార్తలు చదివే దేవదులాల్ బందోపాధ్యాయ గొంతు నాకు అలాగే తెలుసు. బెంగాలీ ఒక్క ముక్క రాకపోయినా మామ్మ కదలకుండా వినేది. 'ఆ అబ్బాయి ఏడుపు ఆపుకుని చదువుతున్నాడ్రా' అనేది.

ఇక డిసెంబరు 3, శుక్రవారం. సాయంత్రం పావు తక్కువ ఆరు ప్రాంతాల పాకిస్తాన్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్ విమాన స్థావరాల మీద బాంబులు వేశాయి. ఆ రాత్రి ఆగ్రా దాకా వచ్చాయి. ప్రధాని ఇందిరాగాంధీ ఆ సాయంత్రం కలకత్తాలో ఉన్నారు. వెంటనే ఢిల్లీ బయల్దేరారు. రాష్ట్రపతి వి.వి. గిరి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అర్ధరాత్రి ప్రధాని జాతినుద్దేశించి మాట్లాడతారని రేడియో చెప్పింది.

మామూలుగా పదకొండు ప్రాంతాల కట్టేసే రేడియో ఆ రాత్రి మోగుతూనే ఉంది. మా ముందు గది నిండిపోయింది. పక్కింటి మాస్టారు వచ్చారు, ఆయన వెనకే ఇంట్లోవాళ్ళు వచ్చారు. పైవాటాలో ఉండే అత్తయ్యగారు వచ్చి మెట్ల దగ్గరే కూర్చున్నారు. ఆవిడ గురించి కాస్త చెప్పాలి. ఆవిడకి ఒక్కడే కొడుకు, నేవీలో సెయిలరు. విమానాలను మోసుకెళ్ళే యుద్ధనౌక విక్రాంత్ మీద ఉండేవాడు. ఉత్తరాలు వచ్చేవి కానీ వాటిలో ఎక్కణ్ణుంచి రాస్తున్నాడో ఉండేది కాదు. ఆ వారం రోజులుగా మార్కెట్టులో ఒకటే మాట. నేవీ వాళ్ళు లారీలకి లారీలు కూరగాయలు, మాంసం కొంటున్నారట, పెద్ద ఓడ వచ్చిందట. పెద్ద ఓడంటే విక్రాంతే గదా. అత్తయ్యగారు మూడుసార్లు హార్బరు వైపు నడిచి వెళ్ళి, లోపలికి పోనివ్వకపోతే గేటు దగ్గర నిలబడి వెనక్కి వచ్చారు. 'అన్నయ్యగారూ, మీరు పోర్టులోనే గదా పనిచేసేది. వచ్చిందంటారా?' అని నాన్ననడిగారు. నాన్న 'మాకేం తెలుస్తుందమ్మా, అది నేవీ వాళ్ళ సంగతి' అన్నాడు.

వీధి దీపాలు వారం ముందే ఆర్పేశారు. కిటికీలకి మేం పాత పేపర్లు మైదాపిండి జిగురుతో అంటించాం. రేడియో డయల్ వెలుగు కూడా బయటికి కనిపిస్తుందేమోనని అమ్మ దాని మీద తువ్వాలు కప్పింది. దాని అంచు కింద నుంచి పసుప్పచ్చటి గీత ఒకటి నేల మీద పడేది. అంతమంది ఆ గీత వైపే చూస్తూ కూర్చున్నాం. బయట మాత్రం వెన్నెల పిండారబోసినట్టుంది. పౌర్ణమి ముందురోజే వెళ్ళింది. 'మనం దీపాలార్పాం, చంద్రుణ్ణి ఎవరార్పుతారు' అంది మామ్మ. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేసినప్పుడు ఆవిడ ఈ ఊళ్ళోనే ఉంది. మళ్ళీ వస్తున్నారట, ఓడల్లో దిగుతున్నారట అని పుకార్లు. మూడేళ్ళ నాన్నని చంకనేసుకుని ఎడ్లబండిలో పల్లెకి పోయింది. 'అప్పుడు మనకి చెప్పే దిక్కు లేదు. ఎవడు అరిస్తే వాడి మాటే వార్త' అని తరచూ అనేది. అందుకే ఆవిడకి రేడియో అంటే అంత గురి.

పన్నెండు దాటింది. ప్రధాని ప్రసంగం ఇంకా మొదలు కాలేదు. సన్నటి గరగర తప్ప గదిలో చప్పుడు లేదు. అప్పుడు వచ్చింది ఆ శబ్దం. చెవులతో విన్నామంటే సరిపోదు, కింద నేల ముందు కదిలింది. కిటికీ రెక్కలు టకటకా కొట్టుకున్నాయి. గూట్లో స్టీలు గ్లాసు దొర్లిపడింది. 'భూకంపం' అని ఎవరో అరిచారు. అందరం వీధిలోకి పరిగెత్తాం. వీధి వీధంతా బయటే ఉంది. పసిపిల్లలని ఎత్తుకుని, దుప్పట్లు కప్పుకుని, అందరూ సముద్రం వైపు చూస్తున్నారు. మంట లేదు, పొగ లేదు. వెన్నెల్లో ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి, అంతే.

ఇది మా వీధి అనుభవం ఒక్కటే కాదు. ఆ రోజుల్లో తూర్పు నావికాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ కూడా తర్వాత రాశారు. ప్రధాని ప్రసంగం కోసం మేల్కొని ఉన్న జనం ఆ పేలుడు విన్నారని, భూకంపమనుకుని చాలామంది బయటికి వచ్చారని.

లోపల రేడియో మాట్లాడటం మొదలుపెట్టింది. మళ్ళీ గదిలోకి పరిగెత్తాం. ఇందిరాగాంధీ ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. గొంతు పెంచలేదు, తడబడలేదు. మా గదిలో ఇంగ్లీషు బాగా తెలిసింది మాస్టారికి ఒక్కరికే. ఆయన కళ్ళు మూసుకుని, రెండు వాక్యాలు విని, ఒక వాక్యం తెలుగులో మెల్లగా చెప్పేవారు. 'సాయంత్రం ఐదున్నర దాటాక పాకిస్తాన్ మన మీద పూర్తి స్థాయి యుద్ధం మొదలుపెట్టిందంటున్నారు.' కాస్త ఆగి, 'బంగ్లాదేశ్‌లో జరుగుతున్న యుద్ధం ఇప్పుడు భారతదేశం మీద యుద్ధమైందంటున్నారు.' ఆవిడ గొంతు, దాని వెనకే మాస్టారి గొంతు. ఇప్పటికీ ఆ ప్రసంగం తలచుకుంటే నాకు ముందు వినబడేది మాస్టారి గొంతే. తెలుగు ఇళ్ళల్లో ఆ రాత్రి అలాంటి మాస్టార్లు ఎందరో.

ప్రసంగం అయిపోయింది. మేం విన్న పేలుడు సంగతి ఎవరూ చెప్పలేదు. చెబుతారని మేం ఎదురుచూశాం కూడా. రేడియోకి అన్నీ తెలుసనే నమ్మకం మాది.

ఆ రాత్రి ఎవరూ సరిగ్గా పడుకోలేదు. తెల్లారగట్ల నాన్న రేడియో పెట్టాడు. ఆకాశవాణి పొద్దుటి బాణీ, ఆ తంబురా మీద వయొలిన్, ఎప్పటిలాగే వచ్చింది. అమ్మ 'హమ్మయ్య' అని పొయ్యి అంటించింది. ఊరు ఉంది, రేడియో ఉంది. ఆ బాణీ కట్టింది వాల్టర్ కాఫ్‌మన్ అని చెబుతారు. చెక్ దేశానికి చెందిన యూదు సంగీతకారుడు. ఐరోపాలో హిట్లర్ పీడ ముదురుతున్న రోజుల్లో బొంబాయి చేరి, అక్కడి రేడియోలో పనిచేశాడు. హిట్లర్ పీడ తరిమిన మనిషి కట్టిన బాణీ, ఒక యుద్ధం పొద్దున మా అమ్మకి పొయ్యి వెలిగించే ధైర్యం ఇచ్చింది. ఇది తెలిశాక ఆ బాణీని నేను మునుపటిలా వినలేకపోయాను.

తర్వాతి రోజుల్లో విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ రేవుల మీద దాడి చేస్తున్నాయని వార్తల్లో వచ్చింది. అత్తయ్యగారు నన్ను పిలిచి 'కాక్స్ బజార్ ఎక్కడరా బాబూ?' అని అడిగారు. స్కూలు అట్లాసు తెచ్చి చూపించాను. విశాఖ మీద ఒక వేలు, అక్కడ ఒక వేలు పెట్టి చాలాసేపు చూశారు. 'అయితే ఇక్కడ లేనే లేడన్నమాట' అన్నారు.

లేడు. విక్రాంత్ అప్పటికి చాలా రోజుల ముందే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. దాన్ని ముంచాలని పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. ఘాజీని విశాఖ వైపు లాగడానికి మన వాళ్ళు రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకని విక్రాంత్‌లా నటింపజేశారు. పెద్ద ఓడ పంపినట్టుగా వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. మార్కెట్టులో లారీలకొద్దీ సరుకు కొన్నారు. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు ఒక మామూలు టెలిగ్రాం కూడా ఇప్పించారు. శత్రువు వినాలని పంపిన ఆ అబద్ధాన్ని మా పైవాటాలో ఒక తల్లి కూడా నమ్మి, మూడుసార్లు గేటు దాకా నడిచింది. హార్బరులో అంత ఓడ లేదని నాన్నకి తెలుసు. ఆ మాట ఆయన నాకు చెప్పింది ఉద్యోగం దిగిపోయాక. 'చెప్పాలని నాలుక చివరికి వచ్చేదిరా. మింగేసేవాణ్ణి' అన్నాడు. ఆయన చేసింది సరైన పనే అంటాను. అయినా ఆవిడ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

రేడియో కూడా అలాగే మింగింది. 4వ తేదీన జాలర్లకి సముద్రంలో తేలుతున్న వస్తువులు దొరికాయని ఊళ్ళో గుసగుసలు. బులెటిన్ తర్వాత బులెటిన్ విన్నాం. జనరల్ మానెక్‌షా తూర్పు బెంగాల్లోని పాకిస్తాన్ సైనికులకి రేడియోలో పిలుపునిచ్చారు. లొంగిపోతే జెనీవా ఒప్పందం ప్రకారం చూసుకుంటామని మాటిచ్చారు. అదీ విన్నాం. మా కిటికీలు అదిరిన సంగతి మాత్రం లేదు. కానీ అబద్ధమూ చెప్పలేదు. రేడియోకీ మాకూ మధ్య ఆ ఐదు రోజులూ ఏదో ఒప్పందం ఉన్నట్టుండేది. చెప్పినప్పుడు నిజమే చెబుతుంది, అప్పటిదాకా ఆగాలి. మామ్మ ఆగింది, వీధంతా ఆగింది.

16వ తేదీ సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ మన జనరల్ అరోరా ముందు లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన వార్త వచ్చినప్పుడు వీధుల్లో జనం ఎలా గంతులేశారో మీరు చాలామంది దగ్గర వినే ఉంటారు. మేమూ గంతులేశాం. నా మనసులో మాత్రం 9వ తేదీ ఉండిపోయింది.

ఆ రోజు రేడియో చెప్పింది. విశాఖపట్నం తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్ల, అంటే నీటి లోతున పేలే బాంబుల వల్లనని మన నేవీ అంటుంది. ఘాజీ తాను సముద్రంలో పరిచిన మందుపాతరల వల్లే పేలిందని పాకిస్తాన్ అంటుంది. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. మా గదిలో ఆ క్షణాన అందరికీ ఒక్కటే తట్టింది. అదన్నమాట. ఆ రాత్రి మన నేల కదిలింది అందుకన్నమాట. మాస్టారు చప్పట్లు కొట్టారు. మేం పిల్లలం కూడా కొట్టాం.

అత్తయ్యగారు మెట్ల మీద కూర్చునే ఉన్నారు. చప్పట్లు తగ్గాక, 'అన్నయ్యగారూ, అందులో ఎంతమంది ఉంటారు?' అని అడిగారు.

నాన్న రేడియో కట్టేశాడు. తొంభై మందికి పైగా ఉన్నారని మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం డయల్ బల్బు ఆరిపోయాక కూడా, ఆవిడ పైకి వెళ్ళకుండా అక్కడే కూర్చున్నారు.