కర్టెన్ రాడ్డు పెట్టబోతే కాంక్రీటు తగిలింది

మేనకోడలు: అందరికీ నమస్కారం. విజయవాడ భవానీపురంలో మా ఫ్లాట్‌ నుంచే రికార్డ్ చేస్తున్నాను. ఫ్యాన్ ఆపేశాను కాబట్టి మధ్యలో చెమట తుడుచుకుంటే ఏమీ అనుకోకండి. పక్కన మా మామయ్య. గుంటూరులో 30 ఏళ్ళు ఇళ్ళకి కరెంటు పని చేశాడు. ఈ ఎపిసోడ్‌కి కారణం నా కర్టెన్ రాడ్డు.

మామయ్య: కర్టెన్ రాడ్డు కాదమ్మాయ్, నీ తొందర.

మేనకోడలు: సరే, నా తొందరే. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒక డ్రిల్లింగ్ మెషిన్ తెప్పించాను. 500 వాట్స్, ఇంపాక్ట్ డ్రిల్. పెట్టెలో సుత్తి, టేపు, స్క్రూలు, ఏవేవో చిన్న సామాన్లు కూడా వచ్చాయి. హాల్లో ఫోటోకి మొదటి కన్నం పెట్టాను. అరటి బోదెలోకి దిగినట్టు దిగింది. ఇంకేం, నాకంత మేస్త్రీ లేడనుకున్నాను.

మామయ్య: తర్వాత కిటికీ మీదకెక్కావు.

మేనకోడలు: అర అంగుళం దిగింది, ఆగిపోయింది. నా బరువంతా వేసి పది నిమిషాలు నొక్కాను. కాలిన వాసన. కన్నం తొలిచే చువ్వ, అదే బిట్, బయటికి తీస్తే మొన నీలంగా మారిపోయి ఉంది. మెషిన్ చెడిపోయిందని కంపెనీ వాళ్ళకి ఫిర్యాదు పెట్టబోతూ నీకు ఫోన్ చేశాను.

మామయ్య: మంచి పని చేశావు, పాపం మెషిన్ తప్పేం లేదు. కిటికీ మీద ఏముంటుంది చెప్పు?

మేనకోడలు: గోడ.

మామయ్య: లింటెల్ ఉంటుంది. కిటికీ ఖాళీ మీద ఇటుకలు గాల్లో నిలబడవు కదా, అందుకని ఇనుప చువ్వలు వేసి కాంక్రీటు పోస్తారు. కిటికీకి అటూ ఇటూ కూడా జానెడు దాకా గోడలోకి వెళ్తుంది. కొన్నిళ్ళలో ఇల్లంతా చుట్టి వస్తుంది. కర్టెన్ రాడ్డు బ్రాకెట్ సరిగ్గా అక్కడికే వస్తుంది. కొత్తగా మెషిన్ కొన్నవాళ్ళు ఇంట్లో మొదట చేద్దామనుకునేది అదే పని, ఇంట్లో అన్నిటికంటే గట్టిగా ఉండేదీ అదే చోటు.

మేనకోడలు: మరి మొదటి అర అంగుళం ఎలా దిగింది?

మామయ్య: అది ప్లాస్టరింగ్. ఎక్కడైనా దిగుతుంది. దాన్ని చూసి మోసపోకూడదు. ఆ తర్వాత రాలే పొడి చూడు. ఎర్రగా రాలితే మట్టి ఇటుక, హాయి. బూడిద రంగులో రాలితే మాత్రం తికమక. మన విజయవాడ చుట్టుపక్కల ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద ఉంది కాబట్టి ఫ్లైయాష్ ఇటుకల వాడకం బాగా ఎక్కువ. ఆ పొడీ బూడిదే, కాంక్రీటు పొడీ బూడిదే. అప్పుడు రంగు కాదు, మెషిన్ వేగం చెప్తుంది. మెల్లగానైనా దిగుతూ ఉంటే ఇటుక. ఒక్కచోటే తిరుగుతూ అరుస్తుంటే కాంక్రీటు. తెల్లటి పొడి బోలెడు రాలుతూ సర్రున వెళ్ళిపోతే ఏఏసీ బ్లాక్, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మ. అక్కడ హ్యామర్ మోడ్, అదే తిరుగుతూ సుత్తిలా కొట్టేది, ఆపెయ్యి, లేకపోతే కన్నం పెద్దదైపోయి స్క్రూ పట్టడానికి అందులో పెట్టే ప్లగ్ వదులుగా తిరుగుతుంది.

మేనకోడలు: గుంటూరులో అమ్మమ్మ వాళ్ళ ఇంటి గోడలో?

మామయ్య: ఆ పాత సున్నం గోడలో మెషిన్ పెట్టాలంటే నాకే భయం. కన్నం 8 మిల్లీమీటర్లు అడిగితే అది పిడికెడు పెచ్చు ఊడదీసి ఇస్తుంది. హ్యామర్ లేకుండా, నిదానంగా, పొడుగు ప్లగ్ వేసుకోవాలి.

మేనకోడలు: ఇప్పుడు అసలు సంగతి. ఇంపాక్ట్ డ్రిల్‌లోనూ హ్యామర్ అని రాసే ఉంది. మెషిన్ మీద సుత్తి బొమ్మ కూడా వేశాడు. మరి నీ దగ్గరున్న రోటరీ హ్యామర్‌కీ దీనికీ తేడా ఏంటి?

మామయ్య: నీ దాంట్లో లోపల రెండు పళ్ళ బిళ్ళలుంటాయి. ఒకదాని మీద ఒకటి జారుతూ టకటక ఎగురుతాయి. నిమిషానికి నలభై వేల దాకా దెబ్బలు, కానీ ఒక్కో దెబ్బా చిటిక వేసినట్టే. అదీ నువ్వు నొక్కితేనే. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ ఉంటుంది. సైకిల్ పంపులో గాలి నొక్కుకున్నట్టు నొక్కుకుని, ఆ గాలే లోపలి సుత్తిని కొడుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కొక్కటీ రోకటి పోటు. మీ అమ్మమ్మ కారం దంచేటప్పుడు చూశావుగా, రోకలిని కిందికి నొక్కేది కాదు, ఎత్తి వదిలేది. ఈ మెషిన్‌తో కూడా అంతే. చేత్తో నిలబెట్టి పట్టుకుంటే చాలు. బరువేసి నొక్కితే పని తగ్గుతుంది గానీ పెరగదు.

మేనకోడలు: సైట్లో దీన్నే హిల్టీ అంటారు కదా?

మామయ్య: ఏ కంపెనీదైనా అలాగే అంటారు, మనం ఏ ఫోటోకాపీనైనా జిరాక్స్ అన్నట్టు.

మేనకోడలు: నేను చదివిందొకటి చెప్పనా? ఈ హ్యామర్‌లో బిట్ నొక్కగానే టక్కున పట్టేసుకుంటుందే, ఎస్‌డీఎస్, అది 1975లో బాష్ కంపెనీ తెచ్చిన పద్ధతట. జర్మన్‌లో పెట్టు, తిప్పు, కూర్చుంటుంది అనే మూడు మాటల మొదటి అక్షరాలు.

మామయ్య: కూర్చుంటుందో లేదో లాగి చూసుకోమని కూడా చెప్పు. నీ డ్రిల్‌కి బిట్‌ని పట్టుకునే మూతి ఉంటుందే, చక్, దాన్ని కీతో బిగించే గుండ్రటి కాడ బిట్ కావాలి. దీనికి గాడులున్న కాడ కావాలి. అదిక్కడ ఎక్కదు, ఇదక్కడ పట్టదు. వన్‌టౌన్‌లో బిట్ కొనేటప్పుడు షాపు వాడికి మెషిన్ ఏదో చెప్పకుండా సైజొక్కటే చెప్తే, మళ్ళీ ఆటో చార్జీలు దండగ.

మేనకోడలు: వాట్స్ ఎక్కువుంటే బలం ఎక్కువ కాదా?

మామయ్య: ఫ్యాన్ కొన్నట్టు మెషిన్ కొనకు. ఇంపాక్ట్ డ్రిల్ 1000 వాట్స్‌ది తెచ్చినా లింటెల్ దగ్గర ఏడుస్తుంది. 700, 800 వాట్స్ రోటరీ హ్యామర్ నవ్వుకుంటూ దిగుతుంది. హ్యామర్ కొనేటప్పుడు డబ్బా మీద జౌల్స్ అని ఉంటుంది, దెబ్బ బలం అదే. 2 నుంచి 3 జౌల్స్ ఉంటే ఇంటికి దండిగా సరిపోతుంది. బరువు కూడా చూడు, రెండున్నర, మూడు కిలోలు. స్టూలెక్కి చేతులెత్తి పట్టుకోవాల్సింది నువ్వే కదా. ఈ రెండు రకాలూ మామూలు 6 ఆంప్స్ కరెంటు ప్లగ్గుతో నడుస్తాయి.

మేనకోడలు: సరే, ఒక్కటే కొనాలి. ఏది?

మామయ్య: ఇల్లు చూడకుండా చెప్పను. ఇటుక గోడల ఫ్లాట్, ఏడాదికి పది కన్నాలు, అదీ అద్దె ఇల్లు అంటే ఇంపాక్ట్ డ్రిల్ చాలు. 13 మిల్లీమీటర్ల చక్, మీటను బట్టి వేగం తగ్గేది, రివర్స్ ఉన్నది చూసుకో. 2,000 నుంచి 4,000 రూపాయల్లో మంచిదే వస్తుంది. లింటెల్‌కీ స్లాబ్‌కీ ఎవరి దగ్గరైనా హ్యామర్ ఒక్క పూట అద్దెకు తెచ్చుకో. కానీ ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ళ లాంటివైతే మాట వేరు. అవి షియర్ వాల్ పద్ధతిలో కట్టారు. గోడే కాంక్రీటు, ఇటుకన్నదే లేదు. అక్కడ క్యాలెండర్ తగిలించాలన్నా హ్యామరే. ఈమధ్య పెద్ద అపార్ట్‌మెంట్లు కూడా కొన్ని అలాగే పోస్తున్నారు. అడ్వాన్స్ ఇచ్చే ముందే గోడ మీద వేలితో కొట్టి చూసుకోవచ్చు.

మేనకోడలు: ఆ హ్యామరే అందరూ కొనేస్తే పోలా?

మామయ్య: చెక్క పనికి అది మొరటు. దాంట్లో బిట్ కాస్త వదులుగా ఊగుతుంది, అలా ఊగాలి కూడా, లేకపోతే దెబ్బ మొన దాకా పోదు. తలుపుకి బోల్టు పెట్టేటప్పుడు ఆ ఊగుడే కొంప ముంచుతుంది. టైల్‌కి కూడా అంతే. ఏ మెషిన్ అయినా సరే, టైల్ మీద హ్యామర్ ఆపాలి, టేపు అంటించి మెల్లగా తిప్పాలి. టైల్ దాటి గోడ తగిలాక హ్యామర్ వేసుకో. ఒక్క క్షణం ముందు వేశావా, చిట్లిన టైల్‌కి జోడీ ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు.

మేనకోడలు: బ్యాటరీవి?

మామయ్య: మంచం బిగించుకోవడానికి బాగుంటాయి. గోడకి నేను వైరున్నదే అంటాను. నాలుగు నెలలు అటక మీద పడేసి తీసినా పని చేస్తుంది.

మేనకోడలు: నా బిట్ నీలంగా మారిందన్నాను కదా. దాన్ని నీళ్ళలో ముంచాను.

మామయ్య: అయ్యో! దాని మొనలో కార్బైడ్ అని బాగా గట్టి ముక్క అతికించి ఉంటుంది. వేడి మీద ముంచితే పగుళ్ళిస్తుంది. మధ్యమధ్యలో బయటికి లాగితే పొడీ వస్తుంది, చల్లగానూ ఉంటుంది. ఇంకోటి, లింటెల్‌లో చువ్వ తగిలితే శబ్దం కీచుమని మారుతుంది, పొడిలో మెరుపు కనబడుతుంది. అక్కడ మొండికేయకుండా అంగుళం పక్కకి జరుగు.

మేనకోడలు: ప్లగ్ ఎంత గట్టిగా పట్టాలి? నేను వేసింది వేలితో నొక్కితే లోపలికి పోయింది.

మామయ్య: చిన్న సుత్తితో తడితే పోవాలి. 8 ప్లగ్‌కి 8 బిట్టే, 10 కాదు. నేను పనిలో చేరిన కొత్తలో ఉలితో గోడ తొలిచి చెక్క ముక్క దిగ్గొట్టి సిమెంటు పూసేవాళ్ళం. ఒక్క స్విచ్ బోర్డుకి అరపూట పట్టేది. ఈ నైలాన్ ప్లగ్ కనిపెట్టినాయనకి దణ్ణం పెట్టాలి.

మేనకోడలు: ఆర్తుర్ ఫిషర్ అని జర్మనీ ఆయన, 1958లో.

మామయ్య: చూశావా, పేరు కూడా తెలియకుండా ఇన్నాళ్ళు ఆయన సొమ్ము తిన్నాను. కన్నంలో పొడి మాత్రం ఊదెయ్యాలి, నోటితో కాదు, కళ్ళల్లో పడుతుంది. సైకిల్ పంపు చాలు. కన్నం కింద ఒక కవరు టేపుతో అంటించుకుంటే పొడి అందులోనే పడుతుంది. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా, కుళాయికి సరిగ్గా పైనా కన్నం పెట్టొద్దు. పైపులు నిలువునా వెళ్తాయి. చున్నీ నడుముకి బిగించు, జుట్టు ముడెయ్యి.

మేనకోడలు: ఇవన్నీ సరే గానీ, నా కర్టెన్ ఇప్పటికీ రెండు మేకులకి కట్టిన నవారుకి వేలాడుతోంది.

మామయ్య: ఆదివారం హ్యామర్ తీసుకుని పది గంటల బస్సుకి వస్తా. ఊగని స్టూలొకటి ఎవరినైనా అడిగి తెచ్చిపెట్టు. కింద ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పు, రెండు దాటాక మెషిన్ ముట్టుకోను, ఆ టైమ్‌లో వాళ్ళు పడుకుంటారు. నాలుగు కన్నాలే, భోజనానికి ముందే అయిపోతుంది. ఆ నీలం బిట్ మాత్రం పారెయ్యకు, నాకు చూపించు.