చిమ్నీ మార్చే ముందు పైపు చూడండి

అందరికీ నమస్కారం. ఈరోజు వంటింటి చిమ్నీ గురించి మాట్లాడుకుందాం, అదే, స్టవ్ పైన గోడకి బిగించి ఉంటాదే పొగ లాగే మిషను, అది పాతబడి సరిగ్గా లాగకపోతే కొత్తది ఎట్లా చూసుకోవాల అని. మన వంట సంగతి మీకు నేను చెప్పాల్నా, ఎండుమిరపకాయలేసి తిరగవాత పెడితే హాల్లో కూర్చున్నోళ్ళకి దగ్గు, ఉగ్గాని చేస్తే పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే, కడప పక్క ఎర్రకారం దోశ పెనం మీద పడిందంటే ఆ ఘాటు పక్కింటోళ్ళకి కూడా తెలిసిపోతాది. ఇంత నూనె ఆవిరి రోజూ మింగే మిషను ఎన్నేండ్లని లాగుతాది చెప్పండి.

అయితే అంగడికి పరిగెత్తే ముందు ఒక పని చేయండి. పాతది నిజంగానే పోయిందా లేదా చూసుకోండి. ఫుల్ స్పీడ్‌లో ఆన్ చేసి చిన్న పేపర్ ముక్క ఫిల్టర్‌కి కింద పట్టుకోండి, అతుక్కోని నిలబడితే లాగుతాందని, జారి పడితే లాగట్లేదని. మోటారు హుమ్మని మూలుగుతా మెల్లగా తిరుగుతాంటే చానాసార్లు కెపాసిటర్ పోయుంటాది, సీలింగ్ ఫ్యాన్‌కి మార్చినట్టే దీనికీ మార్చొచ్చు, పెద్ద ఖర్చేం కాదు. లోపల బ్లోయర్ రెక్కలకి జిడ్డు గడ్డకట్టినా ఇదే కథ, విప్పి కడిగితే మళ్ళీ పుంజుకుంటాది. ఇవన్నీ బాగానే ఉండి, ఫిల్టర్ కూడా తళతళ మెరుస్తా ఉండి, అయినా పేపరు నిలబడట్లేదంటే చానాసార్లు తప్పు చిమ్నీది కాదు, పైపుది. అప్పుడు మీరు ఎంత డబ్బు పెట్టి కొత్తది తెచ్చి అదే పైపుకి తగిలించినా పొగ వంటింట్లోనే తిరుగుతాది.

ఈ పైపు గురించి అంగట్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళు అమ్మేది పెట్టె, పైపు బిగించేవాడు ఇంకొకడు. చిమ్నీ నుంచి గాలి బయటికి పోయే దారి మామూలుగా 6 అంగుళాలు ఉండాల. చానా ఇండ్లల్లో ఏమైందంటే ఎప్పుడో గోడకి చిన్న బొక్క పెట్టించుంటారు, దాంట్లో 4 అంగుళాల పీవీసీ పైపు దూర్చి పైన టేపు చుట్టేసి పోయింటాడు ఫిట్టరు. 4కీ 6కీ తేడా రెండంగుళాలే కదా అనుకుంటాం, కానీ గాలి పోయే నోరు లెక్కేస్తే 4 అంగుళాల పైపు 6 అంగుళాల దాంట్లో సగం కూడా రాదు, 44 శాతమే. దానికి తోడు వంపులు. స్టవ్ ఒక మూల, బయటి గోడ ఇంకో మూల, మధ్యలో సజ్జ కింద నుంచి, కప్‌బోర్డు వెనక నుంచి, యుటిలిటీ దాటుకోని పైపు పోతాంటాది, ప్రతి వంపు దగ్గరా గాలి జోరు తగ్గుతా పోతాది, ముడతల ముడతల అల్యూమినియం పైపైతే ఆ ముడతల్లోనే జిడ్డు కూర్చుంటాది. పాత మట్టి మిద్దెల్లో పైకప్పుకి గవాచి, అంటే పొగ పోయే కంత, పెట్టేవాళ్ళు చూడండి, వేడి పొగ తనంతట తానే పైకి పోయేది, మోటారు లేదు, వంపు లేదు.

కాబట్టి కొత్తది కొనేటప్పుడు మొదట ఈ లెక్క తేల్చుకోండి, పొగ ఎక్కడి నుంచి బయటికి పోవాల, ఎంత దగ్గర దారి ఉంది, బొక్క పెద్దది చేయించాలంటే కోర్ కటింగ్ వాళ్ళని పిలిపించాల్నా. పైపు నున్నటి రేకుదైతే మంచిది, పీవీసీ వేడికీ నిప్పుకీ తట్టుకోదు. బయటికి కొంచెం వాలు ఉండేటట్టు బిగించమనండి, వాన నీళ్ళు లోపలికి రావు. బయట మూతి దగ్గర రెక్కల మూత, అదే గాలికి తెరుచుకోని ఆగినప్పుడు మూసుకునేది, తప్పకుండా పెట్టించండి, లేకుంటే పావురాలు గూడు కడతాయి. ఇంకోటి కూడా ఉంది, మన అనంతపురం పక్క ఆషాఢం గాలి తెలిసిందే, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు కదా. ఆ గాలి పడమర నుంచి, నైరుతి నుంచి కొడతాది, మీ పైపు మూతి నేరుగా ఆ దిక్కుకే ఉంటే బయటి గాలి లోపలికి తోసుకొస్తాది, పొగ వెనక్కి తిరుగుతాది. దారి ఉంటే ఇంకో గోడ వైపు తిప్పించండి.

ఇంక చిమ్నీ సంగతి. పెట్టె మీద పెద్ద అక్షరాల్తో 1200, 1400, 1500 అని రాసుంటాది, గంటకి ఇన్ని క్యూబిక్ మీటర్ల గాలి లాగుతాదని. 10 అడుగులు, 8 అడుగుల వంటిల్లు, ఎత్తు 10 అడుగులు అనుకుందాం, అంటే 800 ఘనపుటడుగులు, సుమారు 23 క్యూబిక్ మీటర్లు. గంటకి ఒక 12 నుంచి 15 సార్లు గాలి మారాల అనుకున్నా 270 నుంచి 340 చాలు. మరి 1200 ఎందుకంటారా, ఆ నంబరు పైపు తగిలించకుండా ఉత్తగా తిప్పినప్పుడు వచ్చేది, పైపూ వంపులూ ఫిల్టరూ కలిస్తే చానా తగ్గిపోతాది, పైగా మనం వేయించేది ఎక్కువ, అందుకని కొంచెం ఎక్కువే తీసుకోవాల. కానీ 1200కీ 1400కీ మధ్య తేడా కోసం వేలు పోయొద్దండి, ఆ డబ్బు పైపు మీద పెట్టండి, నా లెక్కలో అదే లాభం.

ఫిల్టర్లు మూడు రకాలు దొరుకుతాయి. జాలీ ఫిల్టర్ అగ్గువ, కానీ మన నూనె వంటకి తొందరగా మూసుకుపోతాది, నేనైతే వద్దంటాను. బాఫిల్ ఫిల్టర్ అంటే స్టీలు పట్టీలు వంపు తిరిగి ఉంటాయి, గాలి మలుపు తిరిగి పోతాది, నూనె చుక్కలు బరువు కాబట్టి తిరగలేక పట్టీలకి కొట్టుకోని కింద ట్రేలోకి కారతాయి, దీన్ని మీరే ఊడదీసి కడుక్కోవచ్చు. మూడోది ఫిల్టర్‌లెస్, ఆటోక్లీన్ అని వస్తాంది ఇప్పుడు, బ్లోయరే నూనెని విసిరికొడతాది, బటన్ నొక్కితే లోపల హీటర్ వేడెక్కి జిడ్డు కరిగి చిన్న గిన్నెలోకి దిగుతాది. బాగుంటాది, కాదనను, కానీ ఆటోక్లీన్ అన్నారని ఏడాదంతా ముట్టుకోకుండా వదిలేస్తే కుదరదు, ఆ గిన్నె మీరే తీసి పారేయాల, పైపులో జిడ్డు దాంతో పోదు.

పైపు లేకుండా వచ్చేవి కూడా ఉన్నాయి, బొగ్గు ఫిల్టర్‌తో వాసన పట్టి గాలి మళ్ళీ వంటింట్లోకే వదుల్తాయి. అద్దె ఇంట్లో ఓనరు బొక్క పెట్టనీయకపోతే తప్పదు గానీ, వేడీ ఆవిరీ ఎక్కడికీ పోవు, బొగ్గు ఫిల్టర్ కొన్ని నెలలకొకసారి మార్చాల్సిందే. అంతకంటే కిటికీ పైన మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ మేలు అనిపిస్తాది నాకు.

సైజు స్టవ్‌కి తగ్గకూడదు, రెండు బర్నర్లైతే 60 సెంటీమీటర్లది, నాలుగు బర్నర్ల పెద్ద స్టవ్ అయితే 90. ఎత్తు స్టవ్ నుంచి 65, 75 సెంటీమీటర్ల మధ్య, ఖచ్చితంగా ఎంతో ఆ మోడల్ పుస్తకంలోనే ఉంటాది, కిందికి దించితే వేడి తగుల్తాది, పైకి లేపితే పొగ పక్కలకి జారిపోతాది. చేయి ఊపితే ఆన్ అయ్యేవి, టచ్ బటన్లు, అవి మీ ఇష్టం, పిండి చేతుల్తో ఉన్నప్పుడు సుఖమే గానీ పొగ లాగడానికీ వాటికీ సంబంధం లేదు. డబ్బు కట్టే ముందు మాత్రం అడగండి, పైపుకి ఎంత, బిగింపుకి ఎంత, సర్వీసుకి మనూర్లోనే మనిషి ఉన్నాడా లేకుంటే హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రావాల్నా, మోటారుకి ఎన్నేండ్లు వారంటీ, మిగతా సామానుకి ఎంత, రెండూ ఒకటి కాదు.

వాడకంలో ఒకటే చెప్తా. ఎండాకాలం వడగాలి వస్తాదని వంటిల్లు మొత్తం మూసేస్తాం కదా, అప్పుడు చిమ్నీ లాగడానికి గాలి యాడినుంచి వస్తాది? పొయ్యికి దూరంగా ఒక తలుపో కిటికీనో కొంచెం తెరిచి పెట్టండి, పొయ్యి పక్క కిటికీ వద్దు, పొగని పక్కకి కొట్టేస్తాది, సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేయండి. పొయ్యి వెలిగించక ముందే ఆన్ చేసి, వంట అయినాక ఒక ఐదు పది నిమిషాలు తిరగనీయండి. ఫిల్టర్ కడగడానికి వేడినీళ్ళు, గిన్నెలు కడిగే సబ్బు చాలు, జాలీ అల్యూమినియంది అయితే కాస్టిక్ సోడా అసలు వాడొద్దు, లోహాన్నే తినేస్తాది.