పన్నెండు సీజన్ల జీతం

శ్రోతలందరికీ నమస్కారం.

ఇవాళ మీకు జూనియర్ బ్రిడ్జ్‌మన్ అనే ఆటగాడి గురించి చెప్పాలని వచ్చాను. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడి బతికిన మనిషి. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. మైకేల్ జోర్డాన్ అంటే ఆట తెలియని వాళ్లకి కూడా తెలుసు. బ్రిడ్జ్‌మన్ అంత పెద్ద స్టార్ కాదు. మ్యాచ్ మొదలైనప్పుడు కోర్టులోకి దిగే ఐదుగురిలో ఆయన చాలాసార్లు ఉండేవారు కాదు. బెంచీ మీద కూర్చుని, కోచ్ పిలిచినప్పుడు లేచి వెళ్లి ఆడేవారు. అలా పన్నెండు సీజన్లు ఆడారు. పన్నెండు సీజన్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ కథ ఎందుకంటారా? అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నర్సాపురం, ఏ వైపు వెళ్లినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. భర్త దుబాయ్‌లో ఉంటాడు, లేదా భార్యే కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంటుంది. కొన్నేళ్లు డబ్బు బాగా వస్తుంది. తర్వాత ఒంట్లో ఓపిక తగ్గుతుంది, లేదా వీసా అయిపోతుంది, ఇంటికి వచ్చేస్తారు. వచ్చేనాటికి వయసు నలభై, నలభై అయిదు. ఇంకా సగం జీవితం ఉంది. బాస్కెట్‌బాల్ ఆటగాడిదీ అదే లెక్క. అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక ఆటగాడు నిలబడేది సగటున నాలుగైదేళ్లే అంటారు. ముప్ఫై అయిదేళ్లు వచ్చాక కూడా ఆడుతున్నాడంటే గొప్పే. నేను బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ గల్ఫ్ డబ్బు రావడం చూశాను, వెళ్లిపోవడం కూడా చూశాను. అందుకే బ్రిడ్జ్‌మన్ గురించి చదివినప్పటి నుంచి ఈ కథ మనవాళ్లకి చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

ఆయన పుట్టింది 1953లో, ఇండియానా రాష్ట్రంలోని ఈస్ట్ షికాగో అనే ఊళ్లో. ఉక్కు కర్మాగారాల ఊరు. తండ్రి కూడా ఉక్కు మిల్లులోనే పనిచేశారు. కొడుకు ఆటలో గట్టివాడై లూయీవిల్ యూనివర్సిటీకి వెళ్లారు, డిగ్రీ పూర్తి చేశారు. 1975లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు ఆయన్ని డ్రాఫ్టులో ఎనిమిదో స్థానంలో తీసుకుంది. డ్రాఫ్టు అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే పద్ధతి. అయితే వాళ్ల తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, కరీమ్ అబ్దుల్ జబ్బార్ అనే మహా ఆటగాణ్ణి తెచ్చుకోవడం కోసం లేకర్స్ వాళ్లు నలుగుర్ని మిల్వాకీ బక్స్ జట్టుకి ఇచ్చేశారు. ఆ నలుగురిలో ఈయన ఒకరు. ఇరవై రెండేళ్లు నిండకుండానే, తన ఉద్యోగం తన చేతిలో లేదని ఆయనకి తెలిసిపోయింది. ఇది నా ఊహే అనుకోండి. కానీ ఆ తర్వాత ఆయన చేసిన పనులన్నీ చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది.

పన్నెండు సీజన్లలో పది మిల్వాకీలోనే ఆడారు. 1988లో ఆ జట్టు ఆయన వేసుకున్న రెండో నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టేసింది. బెంచీ మీద నుంచి లేచి వచ్చి ఆడిన మనిషికి అంత మర్యాద దక్కడం చిన్న విషయం కాదండి.

ఇక జీతం. ఆయన ఏ ఏడాదీ మూడున్నర లక్షల డాలర్లకి మించి తీసుకోలేదు. పన్నెండు సీజన్లూ కలిపితే సుమారు ముప్ఫై లక్షల డాలర్లు. ఇప్పటి ఆటగాళ్లతో పోలిస్తే ఇది చాలా తక్కువ. 1984-85 సీజన్‌లో ఒక జట్టులోని ఆటగాళ్లందరి జీతాలకీ కలిపి పెట్టిన పరిమితి 36 లక్షల డాలర్లు. 2024-25కి ఆ పరిమితి 14 కోట్ల డాలర్లు దాటింది. ఆ సీజన్‌లో స్టీఫెన్ కర్రీ ఒక్కడి జీతమే అయిదున్నర కోట్ల డాలర్ల పైమాట.

అయితే పేపర్లో పడే అంకె ఇంటికి వచ్చే అంకె కాదు. కేంద్ర ప్రభుత్వం పన్ను పట్టుకుంటుంది. ఏ రాష్ట్రంలో మ్యాచ్ ఆడితే ఆ రోజుల జీతం మీద ఆ రాష్ట్రాలు చాలావరకు పన్ను వేస్తాయి. ఏజెంటుకి వాటా ఉంటుంది. కోటి డాలర్లంటే చేతికొచ్చేది దాదాపు సగం. డ్రాఫ్టులో పేరు వస్తే చాలు, జీవితం కుదురుకున్నట్టే అనుకోవడం కూడా పొరపాటే. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి వెళ్లిన సత్నామ్ సింగ్‌ని 2015లో డాలస్ జట్టు 52వ స్థానంలో ఎంచుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. మనందరం గర్వపడ్డాం. కానీ 52వ స్థానం అంటే రెండో రౌండు, ఆ రౌండులో ఎంపికైన వాళ్లకి కాంట్రాక్టు ఖాయం కాదు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం కూడా అతనికి రాలేదు.

సరే, బ్రిడ్జ్‌మన్ దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన ఘట్టం ఇదే, దీన్ని నిదానంగా చెబుతాను.

ఎన్‌బీఏ సీజన్ అక్టోబరులో మొదలవుతుంది. చాలా జట్లకి ఏప్రిల్, మే నెలలకల్లా అయిపోతుంది. తర్వాత మళ్లీ అక్టోబరు దాకా సెలవే. ఆ రోజుల్లో ఆటగాళ్లు ఇంటికి వెళతారు, ఊళ్లు తిరుగుతారు, విశ్రాంతి తీసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. బ్రిడ్జ్‌మన్ ఏం చేశారంటే, వెండీస్ అనే బర్గర్ హోటల్‌కి వెళ్లి పని నేర్చుకున్నారు. వెండీస్ అమెరికా అంతటా ఉన్న కంపెనీ. పేరు, వంట పద్ధతి, రుచి వాళ్లవి. పెట్టుబడి, హోటల్ నడపడం మనవి. దీన్నే ఫ్రాంచైజీ అంటారు. డబ్బున్న ఆటగాడు కదా, సంతకం పెట్టి, మేనేజర్ని పెట్టి, లాభం కోసం ఎదురుచూడొచ్చు. ఆయన అలా చేయలేదు. ఆ హోటల్ పని లోపలి నుంచి ఎలా జరుగుతుందో చూశారు. ఆరున్నర అడుగుల మనిషి, టీవీలో కనిపించే మనిషి, కౌంటర్ వెనక నిలబడ్డారు.

ఇంకో మాట. అప్పటికింకా ఆయనకి ఆట జీతం వస్తూనే ఉంది. ఇది మళ్లీ చెబుతాను: జీతం వస్తున్న రోజుల్లోనే రెండో పని నేర్చుకున్నారు. జీతం ఆగిపోయాక కాదు.

1987లో ఆట మానేశారు. మిల్వాకీలో కొన్ని వెండీస్ హోటళ్లు కొన్నారు. కొన్నాక కూడా వంటింట్లోకి వెళ్లడం, పనివాళ్లతో కలిసి నిలబడటం మానలేదు. కొన్ని హోటళ్లు పదులయ్యాయి, పదులు వంద దాటాయి. చిలీస్ అనే ఇంకో రెస్టారెంట్ల కంపెనీలోనూ వందకి పైగా ఆయనవే అయ్యాయి. ఆ తర్వాత హోటళ్లు అమ్మేసి, 2017లో కోకాకోలా బాట్లింగ్ వ్యాపారంలోకి దిగారు. 2024 సెప్టెంబరులో, తాను ఆడిన మిల్వాకీ బక్స్ జట్టులోనే పది శాతం వాటా కొన్నారు. 2025 మార్చిలో కన్నుమూశారు. ఆ ఏడాది ఫోర్బ్స్ పత్రిక ఆయన ఆస్తిని 140 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. ఆటలో వచ్చింది ముప్ఫై లక్షలు. తర్వాత వచ్చింది 140 కోట్లు.

ఇప్పుడు ఇంకొకాయన. ఆంటోయిన్ వాకర్. ఇతను బ్రిడ్జ్‌మన్ కంటే పెద్ద స్టార్. 1996లో బోస్టన్ సెల్టిక్స్ జట్టులోకి వచ్చాడు, 2006లో మయామీ జట్టుతో ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఇతనూ ఆడింది పన్నెండు సీజన్లే. జీతాల రూపంలో వచ్చింది 10 కోట్ల 80 లక్షల డాలర్లు. ఎన్‌బీఏ నుంచి బయటికి వచ్చి రెండేళ్లు తిరక్కుండానే, 2010లో, దివాలా పిటిషన్ వేశాడు.

జల్సాలు చేసి పోగొట్టుకున్నాడని తేల్చేయడం సులువు. ఖర్చులున్నాయి, జూదమూ ఉంది, అది అతనే చెప్పుకున్నాడు. కానీ పెద్ద దెబ్బ కొట్టింది షికాగోలో పెట్టిన ఇళ్ల వ్యాపారం. ఆ అప్పులకి తానే సొంతంగా హామీ సంతకాలు పెట్టాడు. 2008లో ఇళ్ల ధరలు పడిపోయాయి, అప్పులవాళ్లు నేరుగా అతని మీదకి వచ్చారు. ఇంట్లోవాళ్లనీ స్నేహితుల్నీ ఎందర్నో పోషించిన మనిషి. మంచితనం తక్కువై మునిగిపోలేదు. తర్వాత అప్పులు తేల్చుకుని, తనకి జరిగింది దాచకుండా కుర్ర ఆటగాళ్లకి చెబుతూ తిరుగుతున్నాడు. అందుకు అతనంటే నాకు చాలా గౌరవం.

హామీ సంతకం అనగానే మీలో కొందరికి గుండె కలుక్కుమని ఉంటుంది. నాకు తెలుసు.

మిగిలిన సమయంలో ఒక్క పని గురించే చెబుతాను. గల్ఫ్ నుంచి రెండేళ్లకోసారి సెలవు మీద వస్తారు. నెలో, రెండు నెలలో ఉంటారు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, తిరుపతి ప్రయాణం, అన్నీ ఉంటాయి, ఉండాలి కూడా. ఆ సెలవులో ఓ పదిహేను రోజులు పక్కన పెట్టండి. వచ్చేశాక రొయ్యల చెరువు లీజుకి తీసుకుందామని మనసులో ఉందా? ఆ పదిహేను రోజులూ తెలిసినవాళ్ల చెరువు గట్టు మీద ఉండండి, రాత్రిపూట కూడా. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. కరెంటు పోతే జనరేటర్ డీజిల్ ఎంత తాగుతోందో రాసుకోండి. మేత అప్పు మీద ఇచ్చినవాళ్లు పట్టుబడి రోజున సరుకు తమకే అమ్మాలంటున్నారా, అప్పుడు కేజీకి ఎంత తగ్గిస్తున్నారు, అడగండి. కౌంటు అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క; ముప్ఫై కౌంటుకి రావాల్సిన రొయ్యని రోగం భయంతో వంద కౌంటులోనే పట్టేస్తే రైతుకి మిగిలేది ఎంతో, ఆ రైతు పక్కనే కూర్చుని లెక్క వేయండి. పక్కింటాయనకి ఒక పంటలో ఎంత మిగిలిందో అందరూ చెబుతారు. రెండో పంటలో ఎంత పోయిందో గట్టు మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది.

చెరువు కాకుండా టిఫిన్ హోటలో, కొబ్బరి వ్యాపారమో, మెడికల్ షాపో అయినా ఇంతే. జీతం తీసుకోకుండా పనిచేస్తానంటే రావద్దనే యజమాని తక్కువ. మీరు సెలవు మీద రాలేకపోతే, రేపు ఆ షాపులో కూర్చోబోయే మనిషి ఇప్పుడు ఇక్కడే ఉన్నారు కదా, మీ ఇంటావిడో, మీ ఆయనో, తమ్ముడో. వాళ్లని పంపండి. ఒకటో తారీఖున డబ్బు పంపేటప్పుడు ఫోన్‌లో ఆ మాట కూడా అనండి. నచ్చకపోతే పోయింది పదిహేను రోజులే, బ్యాంకులో డిపాజిట్ డిపాజిట్‌గానే ఉంటుంది.

నాకిచ్చిన సమయం అయిపోయింది. సెలవు, నమస్కారం.