ఛాతీ మీద ఎవరి పేరు

అందరికీ నమస్కారం. నన్ను పిల్లలు పీఈటీ సార్ అని పిలుస్తారు, 22 ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఆటలు ఆడిస్తున్నాను. క్రీడల మీద ఏదైనా మాట్లాడండి అని గ్రంథాలయం వాళ్లు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టింది జెర్సీ. ఆటగాళ్ల జెర్సీ, దాని మీద ఉండే కంపెనీల పేర్లు. ఇది కూడా ఒక విషయమేనా అనుకోవచ్చు మీరు. ఎందుకు పట్టుకున్నానో చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా స్కూలు కబడ్డీ జట్టు జోనల్ పోటీలకు ఎంపికైంది. 12 మంది పిల్లలు, ఒక్కడికీ సరైన బనియన్ లేదు. ఊళ్లో అప్పుడే కొత్తగా తెరిచిన ఒక ఫైనాన్స్ కంపెనీ వాళ్లు వచ్చి, జెర్సీలు మేం కుట్టిస్తాం సార్ అన్నారు. సంతోషంగా సరే అన్నాను. మెరూన్ రంగు బట్ట, వెనక నంబరు, ముందు ఈ చంక నుంచి ఆ చంక దాకా ఆ కంపెనీ పేరు, స్కూలు పేరేమో కింద అంచు దగ్గర సన్నగా. పిల్లలు ఆ జెర్సీ విప్పితే ఒట్టు. కొందరైతే పెళ్లిళ్లకు కూడా అదే వేసుకెళ్లారు. ఏడాదిన్నర తిరగకుండానే ఆ కంపెనీ షట్టర్ దించేసి వెళ్లిపోయింది. ఊళ్లో చాలామంది దాంట్లో డబ్బు కట్టి ఉన్నారు. ఆ వారంలోనే ఒక పిల్లాడు ప్రాక్టీసుకి జెర్సీ తిరగేసి తొడుక్కొచ్చాడు. కుట్లన్నీ పైకి కనబడుతున్నాయి, చంకల దగ్గర దారాలు వేలాడుతున్నాయి, పేరు లోపలికి పోయింది. ఏంట్రా ఇది అంటే, "మా అమ్మ ఆ పేరు చూస్తే ఏడుస్తోంది సార్" అన్నాడు. వాళ్లమ్మ బీడీలు చుట్టి దాచిన డబ్బు అందులో ఉంది. ఆ కంపెనీని ఊళ్లో ఇంటింటికీ తిప్పి చూపించింది మా పిల్లలే, ఆ జెర్సీలు వాళ్లకిచ్చింది నేను. ఆ సంగతి ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

అప్పటి నుంచి ఏ ఆటగాడి ఛాతీ మీద ఏ పేరు కనబడినా ఆగి చదువుతాను.

మన క్రికెట్ జట్టు జెర్సీనే తీసుకోండి. 1990లలో దాని మీద విల్స్ అని ఉండేది, అంటే సిగరెట్. 1996లో మన ఉపఖండంలో జరిగిన ప్రపంచకప్ పేరే విల్స్ వరల్డ్ కప్. నేనప్పుడు ఇంటర్. టెండూల్కర్ కోసం టీవీ ముందు కూర్చున్న మా అందరి కళ్లలోనూ ఆ సిగరెట్ పేరు కూడా అచ్చుపడిపోయింది. పొగాకు ప్రకటనలను నిషేధిస్తూ చట్టం వచ్చింది 2003లో. ఆ లోపే, 2001లో, సహారా వచ్చేసింది, 2013 దాకా అదే. ఆ పన్నెండేళ్లలో మనం టీ20 ప్రపంచకప్ గెలిచాం, వన్డే ప్రపంచకప్ గెలిచాం, ఊళ్లల్లో ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి ఆ గ్రూపుకి డిపాజిట్లు కూడా కట్టించుకున్నారు. స్పాన్సర్‌షిప్ అయిపోయిన కొన్ని నెలలకే, మదుపరుల డబ్బు తిరిగివ్వమన్న ఆదేశం అమలు చేయలేదని సుప్రీంకోర్టు ఆ సంస్థ అధినేతను తిహార్ జైలుకు పంపింది. సహకార సొసైటీల్లో డబ్బు పెట్టినవాళ్లు దరఖాస్తు చేసుకోవడానికి కేంద్రం 2023లో ఒక పోర్టల్ తెరవాల్సి వచ్చింది. మా ఊరి కథే, కాకపోతే దేశమంత పెద్దది.

తర్వాత స్టార్ వచ్చింది. 2017లో ఒప్పో ఐదేళ్లకు 1,079 కోట్లు పాడుకుని, రెండున్నరేళ్లకే ఆ చోటు ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్‌కి అప్పగించి వెళ్లిపోయింది. బైజూస్ దగ్గర తనకు 158.9 కోట్లు రావాలని క్రికెట్ బోర్డే ట్రిబ్యునల్‌కి వెళ్లింది, 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ తర్వాత డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల కంపెనీ డ్రీమ్ ఎలెవన్, 2023 నుంచి మూడేళ్లకు 358 కోట్లు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చింది, ఆ పేరూ పోయింది.

ఈ చివరిది మనకు ఇంకో రకంగా దగ్గరి విషయం. తెలంగాణలో ఇలాంటి ఆటలను 2017లోనే నిషేధించారు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో. అంటే డ్రీమ్ ఎలెవన్ పేరు మన జట్టు ఛాతీ మీదకు వచ్చేసరికే, దాంట్లో డబ్బు పెట్టి ఆడటం మన రెండు రాష్ట్రాల్లో కుదరదు. కానీ సిరాజ్ హైదరాబాద్ కుర్రాడు, అతని ఛాతీ మీద ఆ పేరు ఉండేది. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న డూప్లికేట్ జెర్సీ వేసుకుని ఆరో తరగతి పిల్లాడు నా గ్రౌండ్‌లోకి వచ్చేవాడు, వాడి మీదా ఉండేది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం తప్పు అని నేను స్కూలు అసెంబ్లీలో చెప్పిన రోజు, ఎనిమిదో తరగతి పిల్లాడొకడు లేచి అడిగాడు: "ఇండియా టీమ్ వేసుకున్నది తప్పెలా అవుతుంది సార్?" వాడేం ఎదురు మాట్లాడలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. చట్టం, రాష్ట్రం పరిధి, ఇవన్నీ వాడికేం చెప్పను? వాడి దృష్టిలో ఆ జెర్సీ మీద ఉందంటే దేశం ఒప్పుకున్నట్టే.

కంపెనీలు కోట్లు పోసేది కూడా ఆ నమ్మకానికే. హోర్డింగ్ మీద పేరు చూస్తే ఓహో ప్రకటన అనుకుంటాం. జెర్సీ మీద అలా అనుకోం. మన ఆటగాడు సెంచరీ కొట్టి ఆకాశం వైపు చూసే ఫొటో, కప్పు ఎత్తే ఫొటో, అవన్నీ ఆ పేరుతో కలిపే మన మనసులో పడతాయి, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫొటో చూసినా పేరు అక్కడే ఉంటుంది. ఇది ఎంత లెక్కగా చేస్తారో ఒక ఉదాహరణ చెబుతాను. బ్యాటర్ చొక్కా చేతుల్లో ఒకదాన్ని లీడ్ ఆర్మ్ అంటారు. కుడిచేతి బ్యాటర్ ఆడటానికి నిలబడితే ఎడమ భుజం బౌలర్ వైపు ఉంటుంది, ప్రధాన కెమెరా ఉండేదీ బౌలర్ వెనకే, కాబట్టి బంతి పడిన ప్రతిసారీ ఆ ఎడమ చెయ్యి టీవీలో కనబడుతుంది. అందుకే ఆ చేతికి రేటు ఎక్కువ. ఎడమచేతి బ్యాటర్‌కి అదే లోగో కుడి చేతి మీదకు మారుతుంది. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు గమనించండి. ఐపీఎల్ జెర్సీలోనైతే ఛాతీ, వీపు, రెండు చేతులు, ప్యాంటు, హెల్మెట్, దేనికి దానికి వేరే రేటు, ముక్కలు ముక్కలుగా అమ్ముతారు.

ఐపీఎల్ జట్లతో నాకు పేచీ లేదు. అవి పుట్టిందే వ్యాపారంగా. మన హైదరాబాద్ మొదటి జట్టు డెక్కన్ ఛార్జర్స్ పేరులోనే యజమాని పత్రిక పేరు ఉండేది. 2009లో కప్పు గెలిచింది, ఆ పత్రిక సంస్థ అప్పుల్లో పడేసరికి 2012లో జట్టే లేకుండా పోయింది. బాధపడ్డాం, కానీ అది ఒక యజమాని సొత్తు. దేశం జట్టు అలా కాదు కదా.

బయటి దేశాల్లో ఈ గొడవ ఎప్పటి నుంచో ఉంది. జర్మనీలో 1973లో బ్రౌన్‌ష్వైగ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుకి ఒక మద్యం కంపెనీ డబ్బిస్తానంది. చొక్కా మీద ప్రకటనలు కుదరవని ఫెడరేషన్ అడ్డుపడింది. అప్పుడు ఆ క్లబ్బు ఏకంగా తన చిహ్నంలోని సింహాన్ని తీసేసి సీసా మీద ఉండే దుప్పి బొమ్మను చిహ్నంగా పెట్టుకుంది. ఇంగ్లండ్‌లో 1976లో కెటరింగ్ టౌన్ అనే చిన్న క్లబ్బు టైర్ల దుకాణం పేరు వేసుకుంటే తీసేయమన్నారు. వాళ్లు "కెటరింగ్ టి" అని ఉంచి, టి అంటే టౌన్ అన్నారు. అదీ ఒప్పుకోలేదు, కానీ మరుసటి ఏడాదే అందరికీ అనుమతి ఇచ్చేశారు. బార్సిలోనా మాత్రం 1899లో పుట్టి 2006 దాకా ఛాతీ మీద ఎవరి పేరూ వేయలేదు. మొదట వేసిన పేరు యూనిసెఫ్‌ది, అది కూడా ఎదురు డబ్బులిచ్చి, ఏటా 15 లక్షల యూరోలు. ఐదేళ్లు తిరిగేసరికి వాళ్లూ డబ్బు తీసుకుని ఖతార్ పేరు వేసుకున్నారు. తలుపు ఒకసారి తెరిస్తే ఇంతే.

ఆటగాడికి ఇందులో మాట చెల్లుతుందా అంటే, అరుదుగా. దక్షిణాఫ్రికా బ్యాటర్ హషీమ్ ఆమ్లా బీరు కంపెనీ లోగో తన జెర్సీ మీద వేసుకోనన్నాడు, బోర్డు ఒప్పుకుంది. న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు సోనీ బిల్ విలియమ్స్ 2017లో కాలర్ మీదున్న బ్యాంకు పేరుకు టేపు అంటించుకుని దిగాడు. ఇద్దరిదీ మత విశ్వాసం, ఇద్దరూ పెద్ద పేరున్నవాళ్లు. నిన్న మొన్న జట్టులోకొచ్చిన పిల్లాడు అలా అనగలడా?

డబ్బు అక్కర్లేదా సార్ అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. కావాలి. హాకీకి ఎవరూ ముందుకు రాని రోజుల్లో, 2018 నుంచి, ఒడిశా ప్రభుత్వం మన పురుషుల, మహిళల జట్లు రెండింటికీ స్పాన్సర్‌గా నిలబడింది. టోక్యో ఒలింపిక్స్‌లో పురుషులు 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చారు. ఆ జెర్సీ మీద ఒడిశా అని చూసినప్పుడు నాకు సంతోషంగానే ఉంటుంది. సంక్రాంతి టోర్నమెంట్లలో ఎరువుల దుకాణం పేరో, బట్టల షాపు పేరో వేసుకుని ఆడే కుర్రాళ్లను చూసినా అంతే, ఆ షాపాయన లేకపోతే ఆ టోర్నమెంటే లేదు. కానీ క్రికెట్ బోర్డు అంత ఇబ్బందిలో లేదు. ప్రపంచంలోనే ధనిక క్రికెట్ బోర్డు అది. ఎవరి పేరు వేసుకోవాలో ఏరుకునే స్తోమత దానికుంది. 2025 సెప్టెంబరులో కొత్త స్పాన్సర్‌ని పిలిచినప్పుడు మద్యం, పొగాకు, బెట్టింగ్, డబ్బాటలు, క్రిప్టో వాళ్లు రావద్దని షరతు పెట్టింది, మంచిదే. 579 కోట్లకు అపోలో టైర్స్ వచ్చింది, 2028 మార్చి దాకా. టైర్లతో నాకు ఏ అభ్యంతరం లేదు.

మధ్యలో ఒక్క నెల ఏమైందో గుర్తుందా? ఆసియా కప్. పాత పేరు పోయింది, కొత్త పేరు ఇంకా రాలేదు. దుబాయ్‌లో సెప్టెంబరు 28న పాకిస్తాన్‌తో ఫైనల్, 147 కొట్టాలి, 20 పరుగులకే మూడు వికెట్లు పోయాయి, ఇంట్లో మా నాన్న టెన్షన్‌తో టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. అప్పుడు మన తిలక్ వర్మ నిలబడి 69 నాటౌట్. గెలిచాక అతన్ని దగ్గరగా చూపించారు, ఛాతీ మీద పెద్దగా ఇండియా అని ఉంది, స్పాన్సర్ పేరు లేదు. నేను టీవీ దగ్గరికి వెళ్లి చూశాను. ఆ ఫొటో ప్రింటు తీయించి మా ఆటల గదిలో అంటించాను.

నిజానికి అంతర్జాతీయ క్రికెట్ మండలి, అదే ఐసీసీ, నడిపే టోర్నమెంట్లలో పద్ధతి ఇదే: ముందు దేశం పేరు, స్పాన్సర్ చేతి మీద. 2025 నవంబరులో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచినప్పుడు, కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి ఛాతీ మీద ఉన్నది దేశం పేరే. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లోనూ దేశాల చొక్కాల మీద స్పాన్సర్ పేరు ఉండదు. మరి ప్రపంచకప్‌లో కుదిరేది మామూలు సిరీస్‌లో ఎందుకు కుదరదు? రాబడి తగ్గుతుంది, ఒప్పుకుంటాను. మొన్నటి వేలంలో మామూలు మ్యాచ్‌కి కనీస ధర 3.5 కోట్లు, ఐసీసీ మ్యాచ్‌కి 1.5 కోట్లు అని పత్రికల్లో వచ్చింది. ఆ తేడా ఛాతీకీ చేతికీ మధ్య ఉన్న తేడానే. బోర్డు దాన్ని వదులుకోవాలని నేను అడుగుతున్నాను.

అది కుదరదంటే ఇంకోటి అడుగుతాను, ఇది చాలా తేలిక. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో బెట్టింగ్ కంపెనీల పేర్లు పెద్దల చొక్కాల మీద ఉన్నా, పిల్లల సైజుల్లో అమ్మే చొక్కాల మీద ఉండకూడదు. ఎన్నో ఏళ్లుగా అక్కడ అమల్లో ఉన్న పద్ధతి. 2025-26 సీజన్ తర్వాత పెద్దల చొక్కాల ముందు భాగం నుంచి కూడా తీసేస్తామని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2023లోనే ఒప్పుకున్నాయి. మన దగ్గర పిల్లల సైజు జెర్సీ మీద దేశం పేరు, ఆటగాడి పేరు, నంబరు, ఇంతే వేసి అమ్మితే ఎవరికి నష్టం? ఆ పిల్లాడికి ఏ కంపెనీ డబ్బివ్వలేదు, వాళ్ల నాన్నే డబ్బిచ్చి ఆ చొక్కా కొన్నాడు.

ఈ ఏడాది మా స్కూలుకి మళ్లీ జెర్సీలు కావాల్సి వచ్చాయి. మా పాత విద్యార్థి ఒకతను ఊళ్లోనే హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాడు, డబ్బిస్తానన్నాడు. ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చున్నాం. అలవాటుగా షాపతను దుకాణం పేరు తీసి ఛాతీ మధ్యలో పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే మా విద్యార్థి, "అక్కడ వద్దన్నా, చేతి మీద చిన్నగా పెట్టు, ముందు స్కూలు పేరు రానీ" అన్నాడు. అప్పట్లో జెర్సీ తిరగేసి తొడుక్కొచ్చిన పిల్లాడు అతనే. షాపతను మౌస్‌తో పేరుని లాగి ఎడమ చేతి మీద వదిలి, సైజు ఎంత అని అడిగాడు. రెండు అంగుళాలు చాలన్నాడు.