తన తల మీదే ప్రయోగాలు చేసుకున్న సదర్లాండ్ కథ

నమస్తే అండీ. పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట "మాడు జాగ్రత్త". నడినెత్తిన మెత్తగా, వేలు ఆనిస్తే కొట్టుకుంటూ తెలుస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్లకల్లా అది పూడుకుపోతుంది. ఇక ఆ తర్వాత పుర్రె అంటే కదలని గట్టి డొప్ప అనే మనం అనుకుంటాం. కాదేమో అన్న ఒక్క అనుమానంతో జీవితమంతా గడిపిన మనిషి గురించి ఇవాళ చెబుతాను.

ఆయన పేరు విలియం గార్నర్ సదర్లాండ్. 1873లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టారు. చిన్నతనంలోనే ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి కుదిరి, పేపర్ ఎడిటర్ దాకా ఎదిగారు. ఆ రోజుల్లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్, ఎముకల్నీ కండరాల్నీ చేత్తో సవరించే ఆస్టియోపతీ నేర్పుతున్నారు. 1898లో సదర్లాండ్ వెళ్లి ఆ కాలేజీలో చేరారు. 1900లో పట్టా తీసుకున్నారు.

అక్కడ చదివేటప్పుడే ఒకరోజు, ఏ ఎముకకి ఆ ఎముక విడదీసి అమర్చిన పుర్రె ఒకటి ఆయన కంటపడింది. కణత దగ్గర ఎముకల అంచులు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి జారేలా ఉన్నాయి. ఇవి చేప మొప్పల్లా ఉన్నాయే అనిపించింది. మొప్పలు ఊపిరి కోసం కదులుతాయి కదా, మరి ఇవి? పిచ్చి ఆలోచన అని ఆయనే అనుకున్నారు. అయినా అది వదల్లేదు.

నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. కదలవని రుజువు చేసి ఈ గోల వదిలించుకుందామని, ఆయన రోగుల జోలికి పోకుండా తన తలనే పట్టుకున్నారు. తోలు పట్టీలు, ఫుట్‌బాల్ హెల్మెట్, కర్ర గిన్నెలు తీసుకుని తలను ఒక్కో వైపు నొక్కి బిగించి, ఎక్కడ నొప్పి పుడుతోంది, మనసు ఎలా మారుతోంది అని గమనించుకున్నారు. భార్య ఆడా ఇదంతా కళ్లారా చూసి, తర్వాత ఆయన జీవిత చరిత్రలో రాశారు.

మెదడు, దాని చుట్టూ ఉండే ద్రవం, పొరలు, పుర్రె ఎముకలు, నడుం కింది త్రికాస్థి, అన్నీ కలిసి ఒక లయలో కదులుతాయని ఆయన తేల్చుకున్నారు. 1939లో చిన్న పుస్తకం వేశారు. తోటి ఆస్టియోపతీ డాక్టర్లే మొదట పెద్దగా పట్టించుకోలేదు. 1946కి మాత్రం ఈ పద్ధతి కోసం ఒక సంఘం ఏర్పడింది. 1954లో ఆయన పోయాక, జాన్ అప్లెజర్ అనే అమెరికన్ ఆస్టియోపతీ డాక్టర్ ఈ దారినే మార్చి, తలనూ త్రికాస్థినీ చేత్తో మెల్లగా తాకుతూ చేసే క్రేనియోసేక్రల్ థెరపీగా ఊరూరా తీసుకెళ్లారు.

మరి ఆ లయ నిజమేనా? ఒకే మనిషిని ఇద్దరు నిపుణులు ముట్టుకుని లెక్కపెడితే, ఇద్దరి లెక్కలూ కలవలేదు. 2016లో ఫ్రాన్స్ పరిశోధకులు అంతవరకు జరిగిన అధ్యయనాలన్నీ వడకట్టి చూస్తే, రోగాన్ని ఇలా తాకి కనిపెట్టవచ్చనడానికీ, ఇలా నయమవుతుందనడానికీ గట్టి ఆధారం దాదాపు ఏమీ దొరకలేదు. సదర్లాండ్ ఓపిక మీద నాకున్న గౌరవం దీనితో తగ్గదు. కానీ ఆయన సిద్ధాంతాన్ని నమ్మి పసిపిల్లల తల ఎవరికో అప్పగించమని మాత్రం నేను చెప్పలేను.

బిడ్డ మాడు గుంటపడినా, ఉబ్బినట్టు కనిపించినా, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి.